శుభ్రంగా కడిగిన ఆకు

మళ్ళీ తెలుపే.

బీకరును కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగులో ఎత్తి చూశాను. నీళ్ళు కలిపిన పాలలా ఉంది. పాలైతే కనీసం కాఫీ అయినా కలుపుకోవచ్చు, దీన్ని ఏం చేసుకోవాలి? సింకులో పారబోయడానికి కూడా వీల్లేదు. వెండి కలిసిన నీళ్ళు కాబట్టి విడిగా సీసాలో పోసి మూత బిగించాలి. ఆ సీసా ఎప్పుడో నిండింది, దాని పక్కన ఇంకోటి వచ్చింది, అదీ నిండబోతోంది. నా ఆరేళ్ళ చదువంతా ఆ సీసాల్లో తెల్లగా తేలుతోంది.

నేను చేసే పని చెప్పడానికి చాలా తేలిక. ఎండిన జామాకులను పొడి చేసి, డిస్టిల్డ్ వాటర్‌లో మరిగించి వడకడతాను. లేత పసుపు కషాయం వస్తుంది. అందులో సిల్వర్ నైట్రేట్ కలుపుతాను. ఆకులోని పదార్థాలు ఆ ద్రావణంలో కరిగి ఉన్న వెండిని పట్టుకుని, కంటికి ఆననంత చిన్న రేణువులుగా మారుస్తాయి. అవే నానో కణాలు. కణం కనపడదు గానీ రంగు కనపడుతుంది. పసుపు కాస్తా తేనె రంగుకు, అక్కణ్ణుంచి చిక్కటి గోధుమ రంగుకు తిరిగిందంటే కణాలు పుట్టినట్టే. వాటిని బాక్టీరియా పెంచిన ప్లేటు మీద చుక్కగా పెడితే, చుక్క చుట్టూ క్రిములు చచ్చి ఖాళీ వలయం మిగులుతుంది. పుండ్ల మీద వేసే కట్టుగుడ్డకు ఈ కణాలను పట్టించవచ్చా అన్నది నా థీసిస్.

మొదట్లో గోధుమ రంగు పిలిస్తే పలికినట్టు వచ్చేది. వలయాలూ వచ్చాయి. ఒక వ్యాసం అచ్చయింది కూడా. థీసిస్ ఇచ్చాక, దాన్ని పరీక్షించడానికి బయటి నుంచి వేసిన నిపుణురాలు ఒకే ఒక్క కోరిక కోరింది. నా కళ్ళ ముందు ఒకసారి చేసి చూపించండి, అంది. న్యాయమైన కోరికే. చూపించడానికి ముందు నాలుగుసార్లు చేసి చూసుకుందామని కొత్త ఆకు తెచ్చుకున్నాను. అప్పుడు మొదలైంది ఈ తెలుపు. ఆవిడేమో వచ్చే వారం దిగుతోంది. మా గైడు ఈ ఏడాది చివర రిటైరవుతున్నారు. ఆయన వెళ్ళిపోయాక నా పని గురించి తెలిసిన మనిషి డిపార్ట్‌మెంటులో ఒక్కరూ ఉండరు. ఆవిడ ముందు గోధుమ రంగు రాలేదా, నా డాక్టరేటు ఇక లేనట్టే.

వెండి ద్రావణంలో తెల్లటి మబ్బు పట్టిందంటే ఎక్కడో ఉప్పు జాతిది కలిసిందని కెమిస్ట్రీ మొదటి పాఠం చదివినవాళ్ళెవరైనా చెబుతారు. ఉప్పులోని క్లోరైడ్ తగలగానే వెండి దాన్ని కావలించుకుని తెల్లగా కూర్చుండిపోతుంది. ఇక కణాలుగా మారమంటే మారదు. ఈ సంగతి నాకు తెలియక కాదు. ఆ ఉప్పు ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియకే నా తల బొప్పి కట్టింది.

ముందు నీళ్ళను అనుమానించాను. స్టోరు కీపరు దగ్గరికి వెళ్ళి, మీ డిస్టిల్డ్ వాటర్ కుళాయి నీళ్ళకన్నా అన్యాయంగా ఉందని నానా మాటలూ అన్నాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, "మేడమ్, మీ వెండి మందు ఒక చుక్క ఇందులో వేసి చూడండి. తెల్లబడితే మీరేమన్నా పడతాను," అన్నాడు. వేశాను. అద్దంలా ఉంది. బయటికొచ్చేశాను. తప్పు ఆయన దగ్గర దొరికి ఉంటే ఎంత బాగుండేది!

తర్వాత గాజుసామాను. సబ్బు వాసన పోయేదాకా తోమి, ఆసిడ్‌తో కడిగి, మళ్ళీ కడిగాను. సిల్వర్ నైట్రేట్ సీసా మార్చాను. ఫిల్టర్ పేపరు మార్చాను. చివరికి నా చేతి చెమటను కూడా అనుమానించి రెండేసి జతల తొడుగులు వేసుకున్నాను. పక్క బల్ల మీద పనిచేసే అమ్మాయి చూసి, "అక్కా, ఆపరేషన్ ఎవరికి?" అని నవ్వింది. నాకే, అన్నాను.

మిగిలింది ఆకు.

ఆకు మా ఇంటి వెనక చెట్టుది. కోసేది, కడిగేది, ఎండబెట్టేది మా అత్తయ్య. పరిశోధనలో అత్తగారేమిటని మీరు నవ్వుతారని తెలుసు. ఆకును నీడలో ఎండబెట్టాలి, ఎండ తగలకూడదు, దుమ్ము పడకూడదు. ల్యాబులో ఏ మూల పరిచినా ఎవరో ఒకరు చెత్తనుకుని ఊడ్చేసేవారు. ఇంట్లో పై గదిలో తెల్ల పంచె పరిచి అత్తయ్య ఎండబెడితే ఒక్క ఆకు ముడుచుకుపోయేది కాదు. ఎండినవాటిని డబ్బాలో పోసి నా సంచిలో పెట్టేది. "మా కోడలు చేసే మందుకి ఆకు నాదే," అని పక్కింటావిడకు చెప్పుకునేది. అది మందు కాదని నేను చాలాసార్లు చెప్పి, చెప్పలేక ఊరుకున్నాను.

ఆవిడకు శుభ్రత అంటే ప్రాణం. వంటగదిలో గరిటె పెట్టిన చోట మళ్ళీ మరక కనపడదు. చుట్టాలు వచ్చినప్పుడు నా గది తలుపు తనే దగ్గరగా వేసేస్తుంది, లోపల నా పుస్తకాలు, బట్టలు ఉండే తీరు వాళ్ళ కంట పడకుండా. నేను ల్యాబులో ఎంత శుభ్రంగా ఉంటానో ఇంట్లో అంత కాదని ఆవిడ నమ్మకం. అది నిజమే.

చెట్టే మారిందేమోనని నాకు అనుమానం వచ్చింది. ల్యాబు నుంచే ఫోన్ చేశాను.

"అత్తయ్యా, చెట్టు మొదట్లో అంట్ల నీళ్ళు పోస్తున్నారా?"

"అంట్ల నీళ్ళా? చెట్టుకా? నీకు మతి పోయిందా అమ్మాయ్?"

"అది కాదు, ఆకులో ఏదో తేడా వస్తోంది. కడిగేటప్పుడు శుభ్రంగానే కడుగుతున్నారు కదా?"

"ఇదివరకటికంటే శుభ్రంగా కడుగుతున్నాను."

"సబ్బు గానీ ఏదైనా? ఉత్త నీళ్ళతోనే కదా?"

"నీళ్ళతో కాకపోతే నిప్పుతో కడుగుతారా ఎవరైనా? పెట్టేయ్, పొయ్యి మీద కూర మాడుతోంది."

పెట్టేశాను. నీళ్ళతోనే. అంటే కడగడంలో ఏమీ లేదు. చెట్టులోనే ఉంది.

మా గైడుకు మేం చాటుగా పెట్టుకున్న పేరు చూద్దాం సార్. సెలవడిగినా చూద్దాం, మిషన్ పాడైందన్నా చూద్దాం, థీసిస్ చదివారా అంటే కూడా చూద్దాం. ఈసారి మాత్రం ఆయన తెల్లటి బీకరును తనే చేతిలోకి తీసుకుని ముచ్చటగా చూశారు.

"అమ్మా, తెల్లగా వస్తే తెల్లగా వచ్చిందనే రాద్దాం. సిల్వర్ క్లోరైడ్ కణాలు. ఇవీ క్రిముల్ని చంపుతాయి. వీటి మీదా వ్యాసాలు వస్తున్నాయి."

"ఎందుకు తెల్లబడుతోందో తెలియకుండా ఏమని రాస్తాం సార్?"

"చెట్టు పూతకొచ్చిందన్నావుగా. రుతువు మారితే ఆకులో లవణాలు మారతాయి. రుతువుల ప్రభావం అని ఇంకో అధ్యాయం వేసేద్దాం. థీసిస్ కూడా లావవుతుంది."

"ఆవిడ గోధుమ రంగు చూపించమంది సార్. అధ్యాయం చూపించమనలేదు."

"చూద్దాం," అన్నారు సార్, బీకరు నా చేతికిచ్చి.

అప్పుడు ఆ బీకరును నేలకేసి కొట్టాలనిపించింది. కొడితే పగిలిన ముక్కలు ఏరాల్సింది నేనే, అందులోని వెండి నీళ్ళు తుడిచి సీసాకెత్తాల్సింది నేనే. అందుకని జాగ్రత్తగా బల్ల మీద పెట్టాను. కోపం తీర్చుకోవడానికి కూడా తీరికలేని చదువు ఇది. తల పగిలిపోతోందని చెప్పి మధ్యాహ్నానికే ఇంటికి బయల్దేరాను. ఆ వేళప్పుడు నేనెప్పుడూ ఇంట్లో ఉండను.

ముందు తలుపు తీసే ఉంది. వెనక వసారాలో నీళ్ళ చప్పుడు. అత్తయ్య కుళాయి పక్కన పీట వేసుకుని కూర్చుంది. ఒక గిన్నెలో కాలీఫ్లవర్ ముక్కలు నానుతున్నాయి, నీళ్ళ మీద రెండు ఆకుపచ్చ పురుగులు తేలుతున్నాయి. పక్కన పెద్ద బేసిన్ నిండా నా జామాకులు. నేను చూస్తూ ఉండగానే ఆవిడ జాడీలో చెయ్యి పెట్టి, గుప్పెడు రాళ్ళుప్పు తీసి, బేసిన్‌లో జల్లి, చేత్తో గిరగిరా కలియబెట్టింది.

గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

"అదేంటత్తయ్యా?"

ఆవిడ ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. "వచ్చావా? ఏంటి, ఒంట్లో బాగోలేదా?"

"చేతిలో ఏంటది?"

"ఉప్పు."

"ఆకుల్లో ఉప్పెందుకు?"

"ఎందుకేంటి? శుభ్రంగా కడగమన్నావుగా. ఒట్టి నీళ్ళకి పురుగు కదులుతుందా? ఇదిగో చూడు, కాలీఫ్లవర్లో ఎలా పైకి తేలాయో. నానబెట్టి, తీసి, అలాగే పరిచేస్తాను. ఉప్పు ఉంటే ఎండేటప్పుడు కూడా పురుగు పట్టదు. ఇప్పుడు నీ ఆకుల్లో ఒక్క పురుగు ఉంటే నన్నడుగు."

"నీళ్ళతోనే అన్నారు కదా ఫోన్లో!"

"ఇవి నీళ్ళు కావా?"

ఇక ఆగలేకపోయాను. ఇన్నాళ్ళూ స్టోరు కీపరు మీద, చెట్టు మీద, రుతువు మీద పోసుకున్న ఉక్రోషమంతా ఒక్కసారి ఆవిడ మీద కుమ్మరించాను. నా థీసిస్ నాశనం చేశారన్నాను. అడిగినప్పుడు ఉప్పని ఒక్క ముక్క చెప్పి ఉంటే ఏం పోయేదన్నాను. తెలియకపోతే తెలియనట్టుండాలి గానీ ఈ అతి శుభ్రం ఎవరికి కావాలన్నాను. పక్కింటి పెరట్లో బట్టలారేస్తున్నావిడ ఆరేయడం ఆపేసింది.

అత్తయ్య తడి చేతులు ఒళ్ళో పెట్టుకుని విన్నది. నేను అలిసిపోయాక నెమ్మదిగా అంది, "పురుగుందని నువ్వే కదా అమ్మాయ్ ఆ రోజు డబ్బా నా ముందు విసిరికొట్టావు."

విసిరాను. కొత్త ఆకు తెచ్చుకున్న మొదటి డబ్బా అది. ల్యాబులో మూత తీస్తే ఒక ఆకు వెనక ఎండిపోయిన గొంగళిపురుగు అంటుకుని ఉంది. అసలే నిపుణురాలి కబురు వచ్చి కంగారులో ఉన్నాను. డబ్బా ఇంటికి తెచ్చి వంటగది గట్టు మీద పడేసి, "శుభ్రంగా కడగడం కూడా రాదా మీకు? ఇది పారేసి మళ్ళీ ఎండబెట్టండి. ఈసారైనా శుభ్రంగా కడగండి," అని అరిచాను. గరిటె పెట్టిన చోట మరక ఉండనివ్వని మనిషితో అన్న మాట అది. ఆవిడ దాన్ని మరిచిపోలేదు. ఆవిడ ఎరిగిన శుభ్రం మీద ఇంకో గుప్పెడు వేసింది.

నేను మెట్టు మీద కూలబడ్డాను. ఇప్పుడు కారణం తెలిసి ఏం లాభం? కొత్త ఆకు కోసి కడిగి నీడలో ఎండబెట్టాలంటే వారం పైన పడుతుంది. నిపుణురాలు వచ్చేస్తోంది. ఏడుపు వచ్చింది. దాచుకోలేదు.

అత్తయ్య లేచి లోపలికి వెళ్ళింది. అటక మీద ఏవో గిన్నెలు జరిపిన చప్పుడైంది. తిరిగొచ్చి నా పక్కన ఒక డబ్బా పెట్టింది. మూత సొట్టపోయి ఉంది. నేను విసిరిన డబ్బానే.

"పారేయమన్నావు. ఇన్ని ఆకులు పారేయడానికి చేతులు రాలేదు. ఇందులో ఉప్పు లేదు. పురుగుంది."

పురుగును పట్టకారుతో తీసి కవరులో వేశాను. మిగతా ఆకులను ఒక్కొక్కటీ తిప్పి చూశాను. ఎండి, పెళుసుగా, పచ్చగానే ఉన్నాయి. నిపుణురాలు వచ్చిన రోజు ఆ ఆకునే పొడి చేశాను.

ఆవిడ పొట్టి మనిషి. కుర్చీ వేసినా కూర్చోలేదు. నా పక్కన నిలబడి ప్రతిదీ చూసింది. కషాయం వడకట్టాను. సిల్వర్ నైట్రేట్ కలిపాను. కిటికీ ఎండలో పెట్టాను. సార్ గోడ వైపు చూస్తున్నారు, చూద్దాం అని కూడా అనకుండా. నేను బీకరును చూడలేక నా చెప్పులను చూసుకున్నాను.

"తిరుగుతోంది," అంది ఆవిడ.

తలెత్తాను. అడుగున తేనె రంగు పడింది. అది నెమ్మదిగా పైకి పాకి, చూస్తుండగానే చిక్కబడి, గోధుమ రంగులోకి దిగింది. నా ఒళ్ళంతా తేలికైపోయింది.

ఆ కణాలను మిషన్‌లో తిప్పి అడుగుకు దించి, పై నీళ్ళు తీసి మళ్ళీ కడిగి, మిగిలిపోయిన వెండి ద్రావణమేదీ లేకుండా చేశాను. మేమూ కడుగుతాం మరి, మా శుభ్రం మాకుంది. మర్నాడు ప్లేటు మీద వలయం చక్కగా వచ్చింది. ఒట్టి కషాయం పెట్టిన చోట ఏమీ రాలేదు. ఆవిడ స్కేలుతో కొలిచి, తల ఆడించి, అప్పుడు అడిగింది:

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదు?"

చెప్పాను. ఉన్నదున్నట్టు, ఉప్పుతో సహా. ఆవిడ నవ్వలేదు. నా థీసిస్ తెరిచి ఒక వాక్యం మీద వేలు పెట్టింది. 'ఆకులను శుభ్రంగా కడిగి, నీడలో ఎండబెట్టి' అని ఉంది అక్కడ.

"శుభ్రంగా అంటే ఏమిటి?" అంది.

అందరూ అలాగే రాస్తారు. నేను చదివిన ప్రతి వ్యాసంలోనూ ఆకులను శుభ్రంగానే కడిగారు. దేంతో, ఎలా అని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

"ఇది సరిచేయండి. కొత్తగా కోసిన ఆకుతో ఇంకో రెండు విడతలు చేసి ఫలితాలు పంపండి. అవి కూడా ఇలాగే వస్తే సంతకం పెడతాను," అని చెప్పి వెళ్ళిపోయింది.

ఆవిడ అటు వెళ్ళగానే సార్‌కి ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళూ రుతువు రుతువు అన్న మనిషి, పొట్ట పట్టుకుని నవ్వారు. "మీ అత్తగారు ఆకులకి ఉప్పేసి ఊరుకున్నారు, కారం కూడా వేసుంటే ముద్ద కలిపేవాళ్ళం కదమ్మా!" అన్నారు. పక్క గదుల వాళ్ళు కూడా వచ్చి విన్నారు. సాయంత్రానికి మా అత్తయ్యకు డిపార్ట్‌మెంటులో ఉప్పత్తగారు అని పేరు పడిపోయింది. గండం గట్టెక్కిన సంతోషంలో నేనూ నవ్వాను. ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పి మళ్ళీ నవ్వాను.

మా ఆయనకు నోట్లో ఏదీ ఆగదు. భోజనాల దగ్గర, "అమ్మా, నీకక్కడ ఎంత పేరొచ్చిందో తెలుసా? ఉప్పత్తగారట!" అన్నాడు.

అత్తయ్య చేతిలోని గరిటె గిన్నెలో పెట్టింది. "ఎవరు పెట్టారు?" అంది.

"వాళ్ళ సార్."

ఆవిడ తన కంచం తీసుకుని వంటగదిలోకి వెళ్ళింది. మర్నాడు కొత్త ఆకులు కావాలని చెప్పబోతే, వసారాలో బేసిన్ బోర్లించి ఉంది.

"నువ్వే కడుక్కో అమ్మాయ్. నాకు శుభ్రంగా కడగడం రాదని నువ్వు ముందే చెప్పావు. ఇప్పుడు మీ ఆఫీసంతా చెప్పుకుంటోంది."

సరే, నాకు మాత్రం చేతులు లేవా అనుకున్నాను. కోశాను, ఉత్త నీళ్ళతో కడిగాను, పై గదిలో పంచె మీద పరిచాను. తడి ఆరకముందే ఒకదాని మీద ఒకటి పరిచినట్టున్నాను, అడుగు వరసంతా బూజు పట్టింది. మళ్ళీ కోశాను. ఈసారి కిటికీ తెరిచి వెళితే సగం ఆకులు గదంతా ఎగిరి, మిగిలిన సగం మీద దుమ్ము కూర్చుంది. అత్తయ్య మెట్ల దగ్గర నిలబడి చూసింది, ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేది. అటు నిపుణురాలికి ఫలితాలు పంపాలి, ఇటు సార్ రిటైర్మెంటు దగ్గర పడుతోంది, మధ్యలో నేను బూజు పట్టిన ఆకులను చెత్తబుట్టలో పోస్తున్నాను. ఎవరి మీద అరవాలో తెలియలేదు. అరిచిన ప్రతిసారీ నాకు జరిగిన మేలేమిటో కూడా తెలియలేదు.

ఆ మధ్యాహ్నం థీసిస్‌లో సరిచేసిన పేజీ పట్టుకుని వసారాలోకి వెళ్ళాను. ఆవిడ పీట మీద కూర్చుని బీన్స్ తుంచుతోంది.

"అత్తయ్యా, ఇది వినండి," అని చదివాను. "ఆకులను కుళాయి నీళ్ళతో కడిగి, ఆ తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో జాడించవలెను. పురుగులు పోవడానికి ఉప్పు వాడరాదు. ఉప్పు తగిలిన ఆకుతో కణాలు రావు, ద్రావణం తెల్లబడుతుంది."

ఆవిడ తుంచడం ఆపింది. "ఉప్పు దానంతటదే వచ్చి పడిందా?"

"అంటే?"

"ఎవరు వేశారో లేదు."

"ఇందులో మనుషుల పేర్లు రాయకూడదత్తయ్యా."

"మనుషుల పేర్లు రాయకూడదు గానీ, మనుషులకి పేర్లు పెట్టొచ్చా?"

కాగితం మడిచాను.

"నేను వేశానని రాయి," అంది ఆవిడ. "నాకేం భయం లేదు. వేశాను కాబట్టి వేశాననే అంటాను. కానీ రాస్తే రెండూ రాయాలి. శుభ్రంగా కడగడం రాదా అని నువ్వు అరిచావని కూడా రాయాలి. అది లేకుండా ఇది రాస్తే నేనో బుద్ధిలేనిదాన్ని అవుతాను."

"అరిచింది నిజమే. తప్పు నాదే అత్తయ్యా."

"అది నాకు తెలుసు. మీ సార్‌కి తెలియాలి."

ఆవిడ ముందే ఫోన్ తీశాను. గొంతు వినపడేలా మీట నొక్కి సార్‌కి చేశాను. "సార్, ఒక్క మాట. ఉప్పు మా అత్తయ్య ఊరికే వేయలేదు. పురుగుందని నేను డబ్బా విసిరికొట్టి, శుభ్రంగా కడగమని అరిచాను. శుభ్రంగా అంటే ఏమిటో మాత్రం చెప్పలేదు. నా థీసిస్‌లోనూ చెప్పలేదు, అది మీరూ చదివారు. తెల్లబడటానికి కారణం ఆవిడ కాదు, నేను. ఆ పేరు మళ్ళీ ఎవరూ అనకూడదు సార్. ఎవరైనా అంటే నేనూరుకోను."

అవతల సార్ గొంతు సవరించుకున్నారు.

"చూద్దాం," అన్నారు.

ఫోన్ పెట్టేశాను. అత్తయ్య నా మొహం కేసి చూసింది.

"ఏం చూస్తాడట?"

నవ్వు, ఏడుపు రెండూ కలిసి వచ్చాయి. ఆవిడ మాత్రం నవ్వలేదు. బీన్స్ చాట పక్కన పెట్టి, లేచి, బోర్లించిన బేసిన్‌ను వెల్లకిలా తిప్పి కుళాయి కింద పెట్టింది. ఉప్పు జాడీని కాలితో కాస్త దూరం జరిపింది.

"వెళ్ళి ఆకు కోసుకురా. లేతవి వద్దు. ఉప్పు వేయను. కానీ పురుగు కనపడితే నా మీద అరవకూడదు."

"అరవను."

"అది కూడా రాయి," అంది.